పటగోనియా: పడమటి గాలి చెక్కిన నేల, దూరం శాసించే ఆర్థికం

క్లుప్తంగా: దక్షిణ అమెరికా కొసన చిలీ, అర్జెంటీనాల మధ్య పరుచుకున్న పటగోనియాలో వాన ఎక్కడ పడాలో, మంచు ఎక్కడ పేరుకోవాలో, నేల ఎక్కడ ఎండాలో పసిఫిక్ మీదుగా వీచే పడమటి గాలే నిర్ణయిస్తుంది. ఆ నేల మీద ఉన్ని, చమురు, చేపలు, పర్యాటకం వరసగా ఒక్కో తరాన్ని పోషించాయి. ప్రతిసారీ కొనేవారు, పెట్టుబడిదారులు, ధర నిర్ణయించేవారు మాత్రం వేల కిలోమీటర్ల అవతలే ఉన్నారు. ఇప్పుడు రాతిపొరల్లో చిక్కుకున్న షేల్‌ చమురు, గాలి విద్యుత్తు, హైడ్రోజన్‌ల వంతు వచ్చింది. గత అనుభవాలను పక్కనపెట్టి చూస్తే ఈ కొత్త ఊపు అర్థం కాదు.

పటగోనియా ఫొటోలు వెతికితే రెండు రకాల దృశ్యాలు కనిపిస్తాయి. ఒకదానిలో నీలి సరస్సు, దాని వెనక నిటారుగా లేచిన గ్రానైట్‌ శిఖరాలు, వాటి మధ్య నుంచి దిగివచ్చే మంచు ప్రవాహం ఉంటాయి. రెండోదానిలో చెట్టన్నది లేని బూడిదరంగు మైదానం, పొట్టి ముళ్లపొదలు, ఎటు చూసినా తీగ కంచె. రెండూ ఒకే ప్రాంతానివంటే చాలామందికి నమ్మబుద్ధి కాదు. ఎల్‌ కలఫాతే పట్టణం రెండోరకం నేల మీద ఉంది. అక్కడి నుంచి 80 కిలోమీటర్లు పడమరకు వెళితే పెరీతో మొరేనో హిమానీనదం ఎదురవుతుంది.

ఒకే పేరు, రెండు దేశాలు

పటగోనియా దేశం కాదు, ఏ ఒక్క దేశంలోని రాష్ట్రమూ కాదు. అర్జెంటీనాలో కొలరాడో నదికి దక్షిణాన ఉన్న నెయుకేన్‌, రియో నెగ్రో, చుబూత్‌, శాంతా క్రూజ్‌, టియెర్రా డెల్‌ ఫ్యూగో రాష్ట్రాలు, ఆండీస్‌కు అవతల చిలీలోని ఐసెన్‌, మగల్యానెస్‌ ప్రాంతాలు ప్రధానంగా దీని కిందికి వస్తాయి. మొత్తం విస్తీర్ణం సుమారు 10 లక్షల చదరపు కిలోమీటర్లు. చిలీ వాటా చిన్నది. అదంతా ద్వీపాలు, సముద్రం చొరబడిన ఇరుకు లోయలు, దట్టమైన తడి అడవి. అర్జెంటీనా వాటా విశాలమైనది, పొడిది.

జనం ఎంత పలచగా ఉంటారో ఊహించడానికి శాంతా క్రూజ్‌ ఒక్కటి చాలు. దాని విస్తీర్ణం దాదాపు 2.44 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ కలిపితే 2.75 లక్షలు. అంత నేల మీద 2022 జనగణన ప్రకారం ఉన్నది మూడున్నర లక్షల లోపు మంది. తెలుగు రాష్ట్రాల జనాభా 2011 నాటికే ఎనిమిదిన్నర కోట్లకు చేరువైంది. బడి, ఆసుపత్రి, రోడ్డు, కరెంటు తీగ ఏది వేసినా తలకు పడే ఖర్చు విపరీతంగా పెరిగేది ఇందువల్లే. టియెర్రా డెల్‌ ఫ్యూగో పరిస్థితి మరీ ప్రత్యేకం. అది దీవి. అక్కడి నుంచి రోడ్డు మార్గాన అర్జెంటీనా ప్రధాన భూభాగానికి చేరాలంటే చిలీలో అడుగుపెట్టి, పడవలో మెజెల్లాన్‌ జలసంధి దాటి, మళ్లీ స్వదేశంలోకి రావాలి.

గాలికి అంత జోరు ఎక్కడిది?

భూమధ్యరేఖకు దక్షిణాన 40 నుంచి 60 డిగ్రీల అక్షాంశాల మధ్య భూగోళపటాన్ని తిప్పి చూస్తే దాదాపు నీళ్లే కనిపిస్తాయి. ఉత్తరార్ధగోళంలో ఇవే అక్షాంశాల మీద యూరప్‌, రష్యా, కెనడా ఉన్నాయి. కొండలు, అడవులు, నేల గరుకుదనం అక్కడ గాలి వేగాన్ని తగ్గిస్తాయి. దక్షిణాన ఆ అడ్డు లేదు. ఉష్ణమండలపు వేడికీ అంటార్కిటికా చలికీ మధ్య ఉన్న తేడా వల్ల పుట్టిన పడమటి గాలులు సముద్రం మీదుగా భూగోళాన్ని చుట్టివస్తాయి. దారిలో టాస్మానియా, న్యూజిలాండ్‌ వంటి చిన్న భూఖండాలు తగులుతాయి. నిలువుగా గోడలా అడ్డం నిలిచే నేల ఒక్కటే, అది పటగోనియా. నావికులు ఈ అక్షాంశాలకు గర్జించే నలభైలు, ఉగ్ర యాభైలు అని పేర్లు పెట్టారు.

మరో సంగతి బయటివారికి వింతగా తోస్తుంది. ఇక్కడ గాలి ఎక్కువగా వీచేది చలికాలంలో కాదు, వసంతం, వేసవి నెలల్లో. అంటే సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి వరకు. పసిఫిక్‌ మీది అధిక పీడనానికీ అంటార్కిటికా అంచున ఉండే అల్పపీడనానికీ మధ్య వ్యత్యాసం ఆ నెలల్లో ఈ అక్షాంశాల మీద బాగా బిగుసుకుంటుంది. పర్యాటకులు వచ్చేదీ అప్పుడే. నవంబరు నుంచి మార్చి మధ్య వెళ్లేవారు డిసెంబరు చివర్లో 16, 17 గంటల దాకా సాగే పగటి వెలుతురుతో పాటు నిలదొక్కుకోనివ్వని గాలిని కూడా లెక్కలో వేసుకోవాలి. చిలీలోని పుంతా అరేనస్‌ నగరంలో గాలి ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో పాదచారులు పట్టుకోవడానికి వీధి మలుపుల దగ్గర తాళ్లు కడతారు.

చలి విషయంలో మాత్రం ఈ సముద్రమే కాపాడుతోంది. ఉషుఐయా నగరం 55 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి దగ్గర్లో ఉంది. ఉత్తరాన మాస్కోదీ ఇంచుమించు అంతే దూరం. మాస్కో చలికాలం గడ్డకట్టిస్తుంది, వేసవి హాయిగా వెచ్చబడుతుంది. ఉషుఐయాలో చలికాలపు సగటు సున్నాకు కాస్త పైన, వేసవి సగటు 10 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఖండం సన్నబడి రెండు వైపులా సముద్రం ఉండటంతో వేడి, చలి రెండూ హద్దు మీరవు. వెచ్చటి వేసవి లేకపోవడంతో ధాన్యం పండదు, గడ్డి మాత్రం పెరుగుతుంది. గొర్రెల కథ ఇక్కడే మొదలవుతుంది. దానికి ముందు కొండల సంగతి చూడాలి.

ఒక కొండ వరస, రెండు లోకాలు

పసిఫిక్‌ మీదుగా వచ్చే గాలి తేమతో బరువెక్కి ఉంటుంది. ఆండీస్‌ను గుద్దుకుని పైకి ఎగబాకుతూ చల్లబడుతుంది. తేమంతా వానగా, మంచుగా పడమటి వాలు మీద కురిసిపోతుంది. చిలీ తీరంలో ఏటా 3,000, 4,000 మిల్లీమీటర్లు మామూలే. శిఖరాల మీద ఇంకా ఎక్కువ. కొండ దాటిన గాలి కిందికి దిగుతూ వేడెక్కి పొడిబారుతుంది. అటుపక్క మైదానంలో ఏడాది మొత్తానికి 200 మిల్లీమీటర్లు పడితే గొప్ప.

అనంతపురం జిల్లావారికి ఈ సూత్రం పాఠ్యపుస్తకం లేకుండానే తెలుసు. నైరుతి రుతుపవనాన్ని పడమటి కనుమలు పిండేసుకుంటే మిగిలింది రాయలసీమకు చేరుతుంది. అలా అనంతపురానికి ఏటా 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన దక్కుతోంది. కాకపోతే మన దగ్గర గాలి కాలాన్నిబట్టి దిశ మార్చుకుంటుంది, ఈశాన్య రుతుపవనం కొంత ఆదుకుంటుంది. పటగోనియాలో అలా తిరిగివచ్చే గాలి దాదాపు లేదు. ఏడాది పొడుగునా పడమర నుంచే వీస్తుంది కాబట్టి తూర్పు మైదానం ఏ కాలంలోనూ తేరుకోదు. పైగా ఆ పొడిగాలి నేలలో ఉన్న కొద్దిపాటి తడినీ పీల్చుకుపోతుంది.

ఆండీస్‌ నెత్తిన పేరుకున్న మంచే దక్షిణ పటగోనియా హిమక్షేత్రం. పొడవు సుమారు 350 కిలోమీటర్లు, విస్తీర్ణం 12,000 చదరపు కిలోమీటర్లకు పైమాటే. దక్షిణార్ధగోళంలో అంటార్కిటికా తరవాత ఇంత పెద్ద మంచుపరుపు మరెక్కడా లేదు. శాంతా క్రూజ్‌ వంటి నదులు ఈ మంచు కరిగి నిండిన సరస్సుల నుంచే బయలుదేరి, వాన పడని మైదానం మీదుగా అట్లాంటిక్‌ చేరతాయి. పడమటి గాలి తూర్పు నేలకు వానగా ఇవ్వనిదాన్ని నదిగా ఎంతో కొంత తిరిగి ఇస్తుందన్నమాట. రియో నెగ్రో ఎగువ లోయలో నెయుకేన్‌ నది నీటిని కాలవలతో మళ్లించి యాపిల్‌, పియర్‌ తోటలు పెంచగలిగారు. ఆ తోటల చుట్టూ పొడుగాటి పాప్లర్‌ చెట్లను వరసలుగా నాటడం తప్పనిసరి, లేకపోతే పూత నిలవదు.

నది మళ్లించి గెలిచిన వాదన

ఈ భౌగోళికం రెండు దేశాల మధ్య తగువునూ రాజేసింది. 1881 ఒప్పందం ప్రకారం సరిహద్దు ఆండీస్‌లో నీళ్లను విడదీసే ఎత్తయిన శిఖరాల మీదుగా పోవాలి. ఉత్తరాన ఈ రెండూ చాలావరకు కలిసే ఉన్నాయి. దక్షిణానికి వచ్చేసరికి ఎత్తయిన శిఖరాల వరస ఒకచోట, నీళ్లు విడిపోయే గీత మరోచోట ఉన్నాయి. మైదానంలో పుట్టిన కొన్ని నదులు కొండల్ని చీల్చుకుని పసిఫిక్‌లో కలుస్తాయి. నీటి గీతే హద్దని చిలీ, శిఖరాలే హద్దని అర్జెంటీనా వాదించాయి.

అర్జెంటీనా నిపుణుడు ఫ్రాన్సిస్కో మొరేనో 1898లో ఒక పని చేశాడు. పసిఫిక్‌ వైపు పారే ఫేనిక్స్‌ అనే చిన్న నదికి కూలీలతో కాలవ తవ్వించి అట్లాంటిక్‌ వైపు మళ్లించాడు. కొద్దిమంది పారలతో మార్చగలిగే గీత దేశాల హద్దు ఎలా అవుతుందన్నది ఆయన ప్రశ్న. చివరకు 1902లో బ్రిటన్‌ రాజు ఏడో ఎడ్వర్డ్‌ మధ్యవర్తిగా రెండు వాదాలకూ మధ్యేమార్గంగా గీత గీశాడు. ఆ తగువు ఛాయలు ఇంకా పోలేదు. నేడు పర్వతారోహకులకు కేంద్రంగా మారిన ఎల్‌ చల్తేన్‌ గ్రామాన్ని అర్జెంటీనా 1985లో స్థాపించింది చిలీతో వివాదం ఉన్న భూమి మీద తన హక్కు నిలుపుకోవడానికే. హిమక్షేత్రం మీద సరిహద్దులో కొంత భాగం నేటికీ ఖరారు కాలేదు.

ఉన్ని: తొలి ఊపు, తొలి పతనం

శాంతా క్రూజ్‌లోని చేతుల గుహలో వేల ఏళ్ల నాటి అరచేతి ముద్రలు ఉన్నాయి. యునెస్కో 1999లో దానికి వారసత్వ హోదా ఇచ్చింది. తెహ్వెల్చేలు, మపూచేలు, దీవుల్లో సెల్క్‌నామ్‌లు, యమానాలు, కవేస్కర్‌లు ఈ నేల మీద, ఈ చలిలోనే జీవించారు. 1520లో నావికుడు మెజెల్లాన్‌ వచ్చివెళ్లాక కూడా మూడున్నర శతాబ్దాలపాటు యూరపియన్లు ఇక్కడ పెద్దగా నిలదొక్కుకోలేకపోయారు. 1865లో చుబూత్‌ తీరంలో దిగిన వేల్స్‌ వలసదారులు దాదాపు 150 మంది. కాలవలు తవ్వుకుని బతికి బట్టకట్టడానికే వారికి ఏళ్లు పట్టింది.

పరిస్థితి మార్చింది గొర్రె. 1877లో ఫాక్‌లాండ్‌ దీవుల నుంచి మెజెల్లాన్‌ జలసంధికి తెచ్చిన 300 గొర్రెలతో మొదలైన వ్యాపారం కొద్దికాలంలోనే ప్రాంతాన్నంతా కమ్మేసింది. సరిగ్గా ఆ దశాబ్దంలోనే అర్జెంటీనా సైన్యం ‘ఎడారి దండయాత్ర’ పేరుతో మూలవాసుల్ని తరిమి భూమిని ఖాళీ చేయించింది. చిలీలో 1893లో ఏర్పడిన ఒకే కంపెనీ చేతికి 10 లక్షల హెక్టార్లకు మించిన భూమి వచ్చింది. టియెర్రా డెల్‌ ఫ్యూగోలో గొర్రెలకు అడ్డం వస్తున్నారని సెల్క్‌నామ్‌లను డబ్బిచ్చి వేటాడించారు. మిగిలినవారు క్రైస్తవ మిషన్‌ శిబిరాల్లో రోగాలపాలయ్యారు. ఈ చరిత్రను పర్యాటక కరపత్రాలు ఒక వాక్యంలో దాటేస్తుంటాయి. అది తగదు, నేటి భూమి యాజమాన్యం పునాది అదే. చిలీ ప్రభుత్వం సెల్క్‌నామ్‌లను సజీవంగా ఉన్న మూలవాసీ జాతిగా చట్టంలో గుర్తించింది 2023లో మాత్రమే.

ఉన్ని, గడ్డకట్టించిన మాంసం బ్రిటన్‌కు వెళ్లేవి. లాభాలతో పుంతా అరేనస్‌లో భవంతులు లేచాయి. 1914లో పనామా కాలువ తెరుచుకోగానే జలసంధి మీదుగా ఓడల రాకపోకలు పడిపోయాయి. మొదటి ప్రపంచయుద్ధం తరవాత ఉన్ని ధర తగ్గితే ఆ భారం కూలీల మీద పడింది. 1920-21లో శాంతా క్రూజ్‌ గొర్రెల క్షేత్రాల్లో సమ్మె చేసినవారిని సైన్యం కాల్చిచంపింది. మృతుల సంఖ్య వందల్లో అని కొందరు, 1,500 దాకా అని మరికొందరు లెక్కగట్టారు.

పైకి కనిపించని నష్టం నేలది. గొర్రె మెత్తటి గడ్డిని వేరుతో సహా కొరుకుతుంది. గడ్డి పోయినచోట మట్టి బయటపడుతుంది, గాలి ఆ మట్టిని ఎత్తుకుపోతుంది. మిగిలేది గులకరాళ్ల పరుపు. అక్కడ మళ్లీ గడ్డి మొలవదు. 20వ శతాబ్దం మధ్యలో 2 కోట్లు దాటిన గొర్రెల సంఖ్య ఆ తరవాత సగానికి పైగా పడిపోయింది. 1991లో రెండు దెబ్బలు కలిసి తగిలాయి. ఆస్ట్రేలియాలో ఉన్నికి ఉన్న మద్దతు ధర పథకం కుప్పకూలి ప్రపంచ ధర పతనమైంది. అదే ఏడాది ఆగస్టులో చిలీలోని హడ్సన్‌ అగ్నిపర్వతం పేలింది. పడమటి గాలి ఆ బూడిదను తెచ్చి శాంతా క్రూజ్‌ పచ్చికల మీద పోసింది, లక్షలాది గొర్రెలు చచ్చిపోయాయి. వందల క్షేత్రాలు తలుపులు మూసుకున్నాయి.

నీళ్లకోసం తవ్వితే

అట్లాంటిక్‌ తీరంలోని కొమొదోరో రివదావియా నీటిచుక్క కరవైన ఊరు. 1907 డిసెంబరు 13న అక్కడ బోరు తవ్వుతున్న ప్రభుత్వ బృందానికి చమురు తగిలింది. ఆ చమురు కేంద్రంగానే 1922లో ప్రభుత్వ సంస్థ వైపీఎఫ్‌ పుట్టింది. ఇప్పుడు ఆ పాత బావులు వట్టిపోతున్నాయి. వైపీఎఫ్‌ 2024 నుంచి చుబూత్‌, శాంతా క్రూజ్‌లలోని పాత క్షేత్రాల నుంచి తప్పుకోవడం మొదలుపెట్టింది. తన పెట్టుబడినంతా ఉత్తరాన నెయుకేన్‌ వైపు, వాకా ముయెర్తా మీదికి మళ్లించింది.

వాకా ముయెర్తా సుమారు 30,000 చదరపు కిలోమీటర్ల శిలాపొర. భూమికి దాదాపు 3 కిలోమీటర్ల లోతున గట్టి రాతిలో చమురు, వాయువు చిక్కుకుని ఉన్నాయి. 2013లో అమెరికా ఇంధన సమాచార సంస్థ షేల్‌ వాయువులో దీనివల్ల అర్జెంటీనాను ప్రపంచంలో రెండో స్థానంలో, షేల్‌ చమురులో నాలుగో స్థానంలో ఉంచింది. దీన్ని తీయడానికి బావిని నిలువుగా దింపి, ఆపై అడ్డంగా కిలోమీటర్ల కొద్దీ పొడిగించి, నీటిని ఇసుకతో, రసాయనాలతో కలిపి తీవ్ర పీడనంతో కొట్టి రాతిని పగలగొడతారు. బావిలోంచి చమురు మొదటి ఏడాది బాగా వచ్చి వేగంగా తగ్గిపోతుంది. అందుకే ఉత్పత్తి నిలవాలంటే కొత్త బావులు తవ్వుతూనే ఉండాలి, అంటే డాలర్ల పెట్టుబడి ఆగకూడదు. తరచూ ద్రవ్య సంక్షోభంలో పడే దేశానికి ఇది కత్తిమీద సాము.

అయినా ఫలితం కనిపిస్తోంది. 2025లో అర్జెంటీనా ముడిచమురు ఉత్పత్తి రోజుకు 8 లక్షల పీపాలు దాటింది, అందులో సగానికి పైగా వాకా ముయెర్తాదే. ఇంధనం దిగుమతి చేసుకుంటూ డాలర్లు పోగొట్టుకున్న దేశం తిరిగి ఎగుమతిదారు అయింది. భారత్‌కూ ఇందులో ఆసక్తి ఉంది. మన ప్రభుత్వరంగ చమురు సంస్థలు 2025 జనవరిలో వైపీఎఫ్‌తో ద్రవ సహజవాయువుపై అవగాహన ఒప్పందం కుదుర్చుకున్నాయి. ఆ జులైలో ప్రధాని మోదీ బ్యూనస్‌ ఎయిర్స్‌ వెళ్లినప్పుడూ ఇంధన సహకారం చర్చకు వచ్చింది.

స్థానికంగా లెక్క వేరు. 1994 రాజ్యాంగ సవరణతో భూగర్భ వనరుల మీద హక్కు రాష్ట్రాలకు వచ్చింది, చమురు విలువలో సాధారణంగా 12 శాతం రాయల్టీగా అందుతుంది. ఉన్ని కాలంతో పోలిస్తే ఇది అసలైన మార్పు, దీన్ని తక్కువ చేయకూడదు. కానీ నెయుకేన్‌లోని అన్యేలో వంటి చిన్న ఊళ్లలో అద్దెలు ఆకాశాన్నంటాయి. లారీల రద్దీకి రోడ్లు, పెరిగిన జనానికి నీటి పైపులు చాలవు. సౌజల్‌ బొనీతో గ్రామస్థులు రాతిని పగలగొట్టే పనులు పెరిగినప్పటి నుంచి భూమి కంపిస్తోందని చెబుతున్నారు.

సముద్రం పక్క

తూర్పు తీరపు లోతు తక్కువ సముద్రం చేపలకు నెలవు. ఇక్కడి ఎర్ర రొయ్య చెరువులో పెంచేది కాదు, సముద్రంలో పట్టేది. ప్రపంచ విపణిలో ఆంధ్ర తీరపు వనామి రొయ్యతో ఒకే అరలో కనిపిస్తుంది, యూరప్‌లో దానికి గిరాకీ ఎక్కువ. తీరం నుంచి 200 నాటికల్‌ మైళ్ల వరకు ఉండే అర్జెంటీనా హద్దుకు అవతల విదేశీ పడవలు వందల సంఖ్యలో స్క్విడ్‌ అనే సముద్రజీవిని పడతాయి. రాత్రిళ్లు వాటి దీపాలు ఉపగ్రహ చిత్రాల్లో నగరంలా కనిపిస్తాయి. హద్దుకు లోపల నియమాలున్నా, హద్దు దాటి ఈదే చేపకు అవి వర్తించవు.

చిలీ వైపు పెద్ద పరిశ్రమ సాల్మన్‌ పెంపకం. నార్వే తరవాత స్థానం చిలీదే. అక్కడ సహజంగా లేని చేపను ఇరుకు లోయల్లో వలల పంజరాల్లో పెంచడం వల్ల వ్యర్థాలు అడుగున పేరుకుని నీటిలో ప్రాణవాయువు తగ్గుతోందన్న విమర్శ ఉంది. ఈ అనుభవం చూసే టియెర్రా డెల్‌ ఫ్యూగో రాష్ట్రం 2021లో తన నీళ్లలో సాల్మన్‌ పెంపకాన్ని నిషేధించింది. ఆ దీవికి ప్రధాన ఆదాయం మరో విచిత్రమైన చోటు నుంచి వస్తుంది. 1972 నాటి పన్ను రాయితీ చట్టంతో అక్కడ టీవీలు, ఫోన్లు బిగించే కర్మాగారాలు వెలిశాయి. విడిభాగాలు ఆసియా నుంచి వస్తాయి, తయారైన ఫోను 3,000 కిలోమీటర్లు లారీలో ఉత్తరాదికి పోతుంది. ఫోన్ల దిగుమతి సుంకాన్ని ఎత్తివేస్తామని ప్రభుత్వం 2025లో ప్రకటించినప్పుడు దీవిలో సమ్మెలు జరగడంలో ఆశ్చర్యమేముంది?

మంచు, తిమింగలాలు, వాటిని చూడవచ్చేవారు

పెరీతో మొరేనో హిమానీనదం పటగోనియాకు ముఖచిత్రం. 30 కిలోమీటర్ల పొడవు, సరస్సు అంచున 5 కిలోమీటర్ల వెడల్పు, నీటిపైన 60 మీటర్లకు మించిన ఎత్తు. అప్పుడప్పుడు అది ముందుకు జరిగి ఎదుటి గట్టును తాకి సరస్సుకు ఆనకట్ట వేస్తుంది. ఒకవైపు నీళ్లు పెరిగి పెరిగి చివరకు మంచుగోడకు సొరంగం చేస్తాయి, ఆపై అది కూలుతుంది. ఇలా చివరిసారి జరిగింది 2018లో. పొరుగు హిమానీనదాలు దశాబ్దాలుగా వెనక్కి తగ్గుతుంటే ఇది నిలకడగా ఉండటం చూపి భూతాపాన్ని కొట్టిపారేసినవారు ఉన్నారు. అసలు కారణం సరస్సు అడుగున ఉన్న రాతి దిమ్మ. మంచు ముక్కు దాని మీద ఆని నిలబడింది. 2019 తరవాత మంచు పలచబడి ఆ పట్టు సడలుతోందని, వెనక్కి తగ్గడం వేగం పుంజుకుందని 2025లో వెలువడిన పరిశోధనలు తేల్చాయి. హిమానీనదాల పరిసరాల్లో గనులను నిషేధిస్తూ అర్జెంటీనా 2010లో చేసిన చట్టాన్ని సడలించాలన్న ప్రయత్నం ఈ సమయంలోనే జరగడం వల్ల వివాదం ముదిరింది.

చిలీలో తొర్రెస్‌ డెల్‌ పైనే జాతీయవనం, అర్జెంటీనాలో 3,405 మీటర్ల ఫిట్జ్‌ రాయ్‌ శిఖరం నడకదారుల వారిని ఆకర్షిస్తాయి. చుబూత్‌ తీరంలోని వల్దేస్‌ ద్వీపకల్పానికి జూన్‌ నుంచి డిసెంబరు వరకు దక్షిణ రైట్‌ తిమింగలాలు పిల్లల్ని కనడానికి వస్తాయి. అక్కడే ఓర్కాలు (కిల్లర్‌ వేల్‌లు) కావాలని ఒడ్డుకెక్కి సముద్రసింహం పిల్లల్ని పట్టుకుని, అలతో పాటు వెనక్కి జారుకుంటాయి. తల్లి ఓర్కా నుంచి పిల్ల నేర్చుకునే విద్య అది. 2023లో ఇదే తీరంలో హెచ్‌5ఎన్‌1 బర్డ్‌ఫ్లూ ఏనుగు సీళ్లను తుడిచిపెట్టింది. ఆ ఏడాది పుట్టిన పిల్లల్లో 17,000కు పైగా, అంటే దాదాపు అన్నీ చనిపోయాయి. పర్యాటకంతో పాటు పరిశోధనకూ పెట్టుబడి కావాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. దీవుల్లో మరో బెడద బీవర్లు. 1946లో బొచ్చుతోళ్ల కోసం కెనడా నుంచి తెచ్చి వదిలిన కొద్దిపాటి జంతువులు నేడు లక్షను మించి, వాగులకు అడ్డకట్టలు వేసి అడవుల్ని ముంచి చంపుతున్నాయి. ఆ చెట్లకు నీట మునిగి బతికే గుణం లేదు, బీవర్‌ను వేటాడే మృగమూ అక్కడ లేదు.

అమ్మకానికి గాలి

శతాబ్దం పైగా శాపమనుకున్న గాలికి ఇప్పుడు వెల వచ్చింది. చుబూత్‌ తీరంలోని గాలిమరలు తమ పూర్తి సామర్థ్యంలో 50 శాతం, కొన్నిచోట్ల అంతకు మించి విద్యుత్తు ఇస్తాయి. మన దేశపు సగటు అందులో సగం దగ్గరే ఉంటుంది. రాయలసీమ గుట్టల మీది మరలు రుతుపవనం నెలల్లో బాగా తిరిగి, మిగతా కాలంలో మందగిస్తాయి. పటగోనియాలో గాలి మరీ ఎక్కువైతే సమస్య. సెకనుకు 25 మీటర్ల వేగం దాటితే యంత్రం తనంతట తాను ఆగిపోవాలి. గాలిమరను నిలబెట్టే క్రేన్లు పనిచేసేందుకు గాలి తగ్గే గంటల కోసం కాచుక్కూర్చోవాలి.

అసలు అడ్డంకి తీగ. పటగోనియా విద్యుత్‌ వ్యవస్థ అర్జెంటీనా జాతీయ గ్రిడ్‌తో కలిసింది 2006లో. తీగ సామర్థ్యం నిండిపోతే ఎంత గాలి వీచినా కొత్త మర పెట్టి లాభం లేదు. విద్యుత్తును ఉత్తరానికి పంపలేనప్పుడు దాన్ని అక్కడే ఏదో ఒక సరుకుగా మార్చాలి. ఈ ఆలోచన కొత్తది కాదు. ప్యుయెర్తో మాద్రిన్‌లో 1974 నుంచి నడుస్తున్న అల్యూమినియం కర్మాగారం దిగుమతి చేసుకున్న అల్యూమినా అనే ముడిపదార్థాన్ని ఆండీస్‌ జలవిద్యుత్తుతో కరిగిస్తోంది. హైడ్రోజన్‌ పథకాలదీ అదే తర్కం. గాలి కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్‌ తీసి, అమ్మోనియాగానో ఇంధనంగానో మార్చి ఓడలో పంపాలి. పుంతా అరేనస్‌ దగ్గర 2022 డిసెంబరులో మొదలైన హారు ఓనీ ప్లాంటు ఒక్క 3.4 మెగావాట్ల గాలిమరతో కృత్రిమ పెట్రోలు తయారుచేసి ఇది సాధ్యమేనని చూపింది.

సాధ్యమవడం వేరు, గిట్టుబాటవడం వేరు. విద్యుత్తు నుంచి హైడ్రోజన్‌కు, అక్కణ్నుంచి ద్రవ ఇంధనానికి మారే ప్రతి మెట్టు దగ్గరా శక్తి పోతుంది. కొనేవారు యూరప్‌లో, జపాన్‌లో ఉన్నారు. వారి ప్రభుత్వాల సబ్సిడీలు మారితే ఇక్కడి లెక్క తలకిందులవుతుంది. రియో నెగ్రోలో 840 కోట్ల డాలర్లతో హైడ్రోజన్‌ కేంద్రం పెడతామని ఆస్ట్రేలియా సంస్థ ఫోర్టెస్క్యూ 2021లో ప్రకటించింది. ఆ స్థాయి నిర్మాణం నేటికీ రాలేదు. ఉన్ని ధరను లండన్‌ నిర్ణయించిన రోజులకూ దీనికీ తేడా ఏమిటన్న ప్రశ్న పటగోనియాలో వినిపించడం సహజమే.

సాన్‌ మతియాస్‌ అఖాతం మీద చూపు

ప్రస్తుతం అందరి దృష్టీ రియో నెగ్రో తీరంలోని సాన్‌ మతియాస్‌ అఖాతం మీద ఉంది. వాకా ముయెర్తా చమురును అక్కడి పుంతా కొలరాదాకు తెచ్చే 440 కిలోమీటర్ల పైపులైను నిర్మాణంలో ఉంది. పెద్ద ట్యాంకర్లు తీరానికి రాకుండానే సముద్రంలో లంగరేసి ఉంచిన తేలియాడే బోయాల దగ్గర చమురు నింపుకుంటాయి. తేలియాడే నౌకల మీద వాయువును ద్రవంగా మార్చి 2027 నుంచి ఎగుమతి చేయాలన్న పథకం కూడా ఇక్కడిదే. ఈ అఖాతంలో చమురు కార్యకలాపాలు సాగకుండా కాపాడిన రాష్ట్ర చట్టాన్ని రియో నెగ్రో శాసనసభ 2022లో సవరించింది.

అఖాతానికి దక్షిణపు గట్టు వల్దేస్‌ ద్వీపకల్పం. తిమింగలాలు వచ్చే నెలలకూ ట్యాంకర్ల రాకపోకలకూ మధ్య ఎడం పెట్టే మార్గం లేదు, చమురు ఏడాది పొడుగునా కదులుతుంది. అఖాతం నీరు బయటి సముద్రంతో నెమ్మదిగా మారుతుంది కాబట్టి ఒలికిన చమురు త్వరగా చెదిరిపోదు. పైగా పడమటి గాలి జోరుగా ఉన్నరోజు తేలిన చమురును చుట్టుముట్టి తీసే పడవలు పనిచేయలేవు. గాలి ఎంత దాటితే నింపడం ఆపాలి, ఆపమని చెప్పే అధికారం కంపెనీదా రాష్ట్రానిదా, ఒలికితే శుభ్రం చేసే సామగ్రి తీరంలో ఎంత ఉంటుంది, దాని ఖర్చు ఎవరు భరిస్తారు అన్నవి మొదటి ట్యాంకరు రాకముందే కాగితం మీదికి రావాల్సిన ప్రశ్నలు. తీరంలో చేపలు పట్టుకుని, తిమింగలాలు చూపించి బతికే ఊళ్లవాళ్లు అడుగుతున్నది కూడా ఇవే.